కణం నడిచిందా? కీమోకైన్ రిసెప్టర్ పనితీరును ట్రాన్స్‌వెల్‌లో కొలిచే పద్ధతి

మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు ఫ్లో సైటోమీటర్ (వెలిగే యాంటీబాడీతో ఏ కణం మీద ఏ ప్రొటీన్ ఉందో చూసే యంత్రం) దగ్గర్నుంచి సంబరంగా వచ్చి చెప్పే మాట ఒకటుంది: "సీఎక్స్‌సీఆర్4 చాలా బాగా ఉంది, 95 శాతం పాజిటివ్!" సీఎక్స్‌సీఆర్4 అంటే కణం పొర మీద ఉండి, కీమోకైన్ అనే సంకేత ప్రొటీన్‌ని పట్టుకునే ఒక రిసెప్టర్. నేను ప్రతిసారీ ఒకటే అడుగుతాను: "సరే, కణం నడిచిందా?"

ఈ ప్రశ్న వెనక నా పీహెచ్‌డీ రెండో ఏడాదిలో పోయిన నాలుగు నెలలున్నాయి. ఫ్లోలో రిసెప్టర్ నిండుగా కనిపించేది, ట్రాన్స్‌వెల్‌లో (సన్నని రంధ్రాల పొరతో పైనా కిందా రెండు గదులుగా ఉండే ప్లేటు) మాత్రం కణాలు కదిలేవి కావు. రిసెప్టర్ లోపల సిగ్నల్ ఎక్కడో తెగిపోయిందని నమ్మి, దాని చుట్టూ ఒక పెద్ద సిద్ధాంతమే కట్టుకున్నాను. అసలు లోపం ఎక్కడుందో కింద చెప్తాను. మీకు ఆ నాలుగు నెలలు పోకూడదనే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు విషయం కాస్త. ఒంట్లో ఎక్కడైనా గాయమైతే అక్కడి మాక్రోఫేజ్‌లు, రక్తనాళాల గోడ కణాలు కీమోకైన్లనే చిన్న ప్రొటీన్లను వదులుతాయి. మనిషిలో ఇవి సుమారు 50 రకాలు, వాటిని పట్టుకునే రిసెప్టర్లు సుమారు 20. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్త కణం మీద సీఎక్స్‌సీఆర్1, సీఎక్స్‌సీఆర్2 ఉంటాయి కాబట్టి అది సీఎక్స్‌సీఎల్8 జాడ పట్టుకుని కొన్ని గంటల్లోనే గాయం దగ్గరికి చేరుతుంది. మోనోసైట్ సీసీఆర్2 సాయంతో సీసీఎల్2 ఉన్న చోటికి వెనకే వస్తుంది. ఇంకా శత్రువును చూడని టీ కణం సీసీఆర్7 ఉండబట్టే లింఫ్ గ్రంథిలోకి దారి తెలుసుకుంటుంది. వాపు ఎప్పుడు మొదలవుతుంది, ఎవరు ముందొస్తారు, ఎప్పుడు చల్లారుతుంది అన్నవి చాలావరకు ఏ కణం మీద ఏ రిసెప్టర్ ఉంది, అది ఎలా పనిచేస్తోంది అన్నదాన్ని బట్టే తేలతాయి.

"ఉంది", "పనిచేస్తోంది" అన్నవి రెండు వేర్వేరు మాటలు. కీమోకైన్ రిసెప్టర్ కణం పొరను ఏడుసార్లు దాటే ప్రొటీన్. బయట కీమోకైన్ అతుక్కోగానే లోపల జీఐ అనే జీ ప్రొటీన్ కదులుతుంది, కాల్షియం పెరుగుతుంది, ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు ఒక పక్కకి పేరుకుని కణానికి ముందూ వెనకా ఏర్పడతాయి. కొద్దిసేపటికే బీటా అరెస్టిన్ వచ్చి ఆ సిగ్నల్‌ని ఆపి రిసెప్టర్‌ని లోపలికి లాగుతుంది. వీటిలో ఏ మెట్టు తప్పినా నడక మారిపోతుంది. ఏసీకేఆర్3 అనే రిసెప్టర్ సీఎక్స్‌సీఎల్12ని (సీఎక్స్‌సీఆర్4ని కదిలించే కీమోకైన్) గట్టిగా పట్టుకుంటుంది కానీ జీ ప్రొటీన్‌ని కదిలించదు. పట్టుకున్న కీమోకైన్‌ని కణంలోకి లాక్కుని పరిసరాలను ఖాళీ చేయడమే దాని పని. దీనికి తలకిందులుగా, విమ్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్న ఎక్కువమందిలో సీఎక్స్‌సీఆర్4 తోక భాగం తెగిపోయి ఉంటుంది కాబట్టి సిగ్నల్ ఆగాల్సినప్పుడు ఆగదు. న్యూట్రోఫిల్స్ ఎముక మజ్జలోనే చిక్కుకుపోతాయి, రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది, ఇన్‌ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ జన్యువులోని మార్పును 2003లో గుర్తించారు. ఫ్లోలో చూస్తే ఈ రెండు చోట్లా రిసెప్టర్ "పాజిటివ్" అనే వస్తుంది.

అందుకే కణాన్ని నడిపించి చూడాలి. ఈ ఆలోచనతో 1962లో స్టీఫెన్ బాయ్‌డెన్ రెండు గదుల మధ్య సన్నని రంధ్రాల పొర పెట్టిన ఒక పరికరం గురించి రాశారు. మనం ఇప్పుడు వాడే ట్రాన్స్‌వెల్ దాని వారసురాలే. పై గదిలో కణాలు, కింది గదిలో కీమోకైన్ పెట్టి, ఎన్ని కణాలు పొర దాటి కిందికి దిగాయో లెక్కపెడతాం.

మొదటిసారి ఏ కణంతో చేయాలి

జుర్కాట్ కణాలతో మొదలుపెట్టండి. ఇవి టీ కణాల లుకేమియా నుంచి వచ్చిన లైన్, సీఎక్స్‌సీఆర్4 వీటికి సహజంగానే ఉంటుంది, సీఎక్స్‌సీఎల్12కి బాగా స్పందిస్తాయి. చేయి తిరిగాక రక్తం నుంచి తీసిన టీ కణాలకో, న్యూట్రోఫిల్స్‌కో వెళ్లండి. న్యూట్రోఫిల్స్ చాలా సున్నితమైనవి. సెంట్రిఫ్యూజ్ గట్టిగా తిప్పినా, బఫర్‌లో కాస్త ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) ఉన్నా, ట్యూబ్‌ని గట్టిగా కుదిపే వోర్టెక్స్ మీద పెట్టినా ముందే ఉద్రేకపడిపోయి సీఎక్స్‌సీఆర్2ని లోపలికి లాగేసుకుంటాయి. వాటితో నేర్చుకోవడం మొదలుపెడితే తప్పు మీదా, కణానిదా అన్నది తేల్చుకోలేరు.

పొర రంధ్రం సైజు కణాన్ని బట్టి ఎంచుకోవాలి. న్యూట్రోఫిల్స్‌కి 3 మైక్రాన్లు, లింఫోసైట్లకి, జుర్కాట్‌కి 5 మైక్రాన్లు, మాక్రోఫేజ్‌ల లాంటి పెద్ద కణాలకి 8. కణం తనంతట తాను సన్నబడి దూరితేనే దాన్ని నడక అనగలం. జుర్కాట్‌కి 8 మైక్రాన్ల పొర పెడితే కీమోకైన్ లేకపోయినా చాలా కణాలు బరువుకే కిందికి జారిపోతాయి.

ముందు రోజు చేయాల్సింది ఒక్కటే. కణాలను పల్చగా విడగొట్టి పెట్టండి, మర్నాటికి చురుగ్గా పెరుగుతూ ఉండాలి. ఉదయం, చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో చూసినప్పుడు 95 శాతానికి పైగా బతికి లేకపోతే ఆ రోజు ప్రయోగం వద్దు. చచ్చిన కణాలు నడవవు సరికదా, లెక్కను కూడా పాడుచేస్తాయి.

కీమోకైన్‌ని కలుపుకోవడం: నా నాలుగు నెలలు పోయింది ఇక్కడే

సీఎక్స్‌సీఎల్12 పొడిగా వస్తుంది, దాదాపు 8 కిలోడాల్టన్ల చిన్న ప్రొటీన్. నేను దాన్ని ఉత్త పీబీఎస్‌లో (ఉప్పు బఫర్), అదీ చాలా పల్చగా కలిపి ఫ్రీజర్‌లో పెట్టాను. ప్రతి ప్రయోగానికీ అదే ట్యూబ్‌ని తీసి కరిగించి మళ్లీ గడ్డకట్టించాను. కీమోకైన్లకి ధన విద్యుదావేశం ఎక్కువ, ప్లాస్టిక్‌కి అతుక్కుపోయే గుణం ఉంది. ట్యూబ్‌లో వేరే ప్రొటీన్ లేకపోతే అంత పల్చటి ద్రావణంలో చాలా భాగం గోడకే పోతుంది. లేబుల్ మీద "100 నానోగ్రాములు" అని నా చేత్తో నేనే రాశాను. ప్లేటు బావిలోకి, అంటే అందులోని చిన్న గుంటలోకి, నిజంగా ఎంత చేరిందో ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది.

మా సీనియర్ ఒకామె ఒక్క మాటతో దారి చూపించింది: "కాల్షియం చూశావా?" జుర్కాట్ కణాల్లో, కాల్షియం పెరిగితే వెలిగే ఫ్లూవో-4 అనే రంగు నింపి, ఆమె దగ్గరున్న తాజా కీమోకైన్ వేస్తే సెకన్లలోనే వెలుగు పైకి లేచింది. నా ట్యూబ్‌లోది వేస్తే గీత కదల్లేదు. రిసెప్టర్‌కి ఏ లోపమూ లేదు. దాని దగ్గరికి చేరాల్సింది చేరలేదంతే. ఫ్లో అంకె నన్ను ఎంత తప్పుదారి పట్టించిందో, "నడవలేదు" అన్న ఫలితమూ అంతే తప్పుదారి పట్టించింది.

కాబట్టి ఇలా చేయండి. పొడి ఉన్న ట్యూబ్‌ని తెరవకముందే ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, పొడి మూతకి అంటి ఉండొచ్చు. 0.1 శాతం బీఎస్‌ఏ (పశువుల ఆల్బుమిన్ ప్రొటీన్) ఉన్న పీబీఎస్‌లో చిక్కగా కలపండి. మిల్లీలీటర్‌కి 100 మైక్రోగ్రాములు బాగుంటుంది. ప్రొటీన్ తక్కువగా అతుక్కునే ట్యూబుల్లో, ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించిన భాగాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. పల్చన చేయడం ప్రయోగం రోజునే, ప్రయోగం మీడియంలోనే జరగాలి.

ప్రయోగం మీడియం అంటే ఆర్‌పీఎంఐ అనే కణాల పెంపకపు ద్రవంలో 0.5 శాతం బీఎస్‌ఏ. సీరం వేయొద్దు. కణాలను లాగే పదార్థాలు సీరంలోనే ఉంటాయి. పైగా అందులో ఉండే డీపీపీ4 అనే ఎంజైమ్ సీఎక్స్‌సీఎల్12 మొదట్లోని రెండు అమైనో ఆమ్లాలను కత్తిరించి దాన్ని నిర్వీర్యం చేస్తుంది. ఇదే ఎంజైమ్ సీడీ26 పేరుతో టీ కణాల మీద కూడా ఉంటుందని మర్చిపోకండి. ప్రయోగాన్ని అనవసరంగా సాగదీయకపోవడానికి అదొక కారణం.

నడిపించే రోజు

కణాలను ప్రయోగం మీడియంలో రెండుసార్లు కడిగి, మిల్లీలీటర్‌కి 50 లక్షల చొప్పున కలిపి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో అరగంట నుంచి గంట విశ్రాంతినివ్వండి. రక్తం నుంచి అప్పుడే తీసిన టీ కణాలైతే సీఎక్స్‌సీఆర్4 చాలా భాగం కణం లోపలే దాగి ఉండొచ్చు. వాటిని ఒక రాత్రి 37 డిగ్రీల్లో ఉంచితే పైకి వస్తుంది. కణజాలం నుంచి తీసిన కణాలైతే ఏ ఎంజైమ్ వాడారో చూసుకోండి, కొన్ని ఎంజైములు రిసెప్టర్ బయటి భాగాన్నే తినేస్తాయి.

24 బావుల ప్లేటు తీసుకోండి. కింది బావుల్లో 600 మైక్రోలీటర్ల చొప్పున కీమోకైన్ ద్రావణం పోయండి. డోసులు: సున్నా, తర్వాత మిల్లీలీటర్‌కి 1, 10, 30, 100, 300, 1000 నానోగ్రాములు. ప్రతి డోసుకీ మూడు బావులు ఉండాలి. ప్లేటును, ద్రావణాన్ని ముందే 37 డిగ్రీలకి వెచ్చబెట్టుకోండి.

ఇప్పుడు ఇన్సర్ట్‌ని, అంటే అడుగున పొర ఉన్న చిన్న గిన్నెను (ఇదే పైగది), బావిలోకి దించాలి. నిటారుగా దించకండి. ఒక అంచు ముందు తాకేలా కాస్త వాల్చి నెమ్మదిగా దించండి. నిటారుగా దించితే పొర కింద గాలి బుడగ చిక్కుకుంటుంది, బుడగ ఉన్నచోట కణం కిందికి రాలేదు. మూడు బావుల్లో రెండు ఒకలా, ఒకటి మరోలా వస్తే నేను మొదట అనుమానించేది బుడగనే. దించాక ప్లేటును పైకెత్తి కింది నుంచి వెలుతురుకి పెట్టి చూడండి. బుడగ ఉంటే ఇన్సర్ట్ తీసి మళ్లీ పెట్టండి.

పైన 100 మైక్రోలీటర్ల కణాలు, అంటే 5 లక్షలు, పొర మధ్యలోకి మెల్లగా వదలండి. చివరి బావికి వచ్చేసరికి కణాలు ట్యూబ్ అడుక్కి చేరి ఉంటాయి కాబట్టి ప్రతి రెండు మూడు బావులకి ఒకసారి ట్యూబ్‌ని తలకిందులు చేసి కలుపుతూ ఉండండి. ఇంక్యుబేటర్‌లో పెట్టాక తీసి చూడాలనే ఆత్రం వద్దు. ప్లేటు కదిలితే పైనా కిందా ద్రావణం కలిసిపోయి, కణం వెతికే ఎక్కువ తక్కువల తేడాయే చెదిరిపోతుంది.

ఎంతసేపు? జుర్కాట్‌కి, టీ కణాలకి నేను రెండు గంటల నుంచి మూడు గంటలు పెడతాను. న్యూట్రోఫిల్స్‌కి గంట చాలు. రాత్రంతా ఉంచితే ఎక్కువ కణాలు దిగుతాయని కొందరంటారు. నా ఉద్దేశంలో అది పొరపాటు. గంటలు గడిచేకొద్దీ కీమోకైన్ పొర గుండా పైకి పాకి రెండు గదుల్లో సమానమైపోతుంది. ఆ తర్వాత దిగేవి దారి తెలిసి దిగేవి కావు.

వీటిని వదిలేస్తే మిగతాదంతా వృథా

కంట్రోల్స్ గురించి నేను కాస్త పట్టుదలగానే ఉంటాను. "ప్లేటులో చోటు లేదు" అని వీటిని వదిలేసిన డేటాని నేను ఒప్పుకోను.

మొదటిది, ఇన్సర్ట్ లేకుండా 600 మైక్రోలీటర్ల మీడియంలో నేరుగా 100 మైక్రోలీటర్ల కణాలు వేసిన బావి. అదే మీ 100 శాతం. దాంతో పోల్చే మిగతా బావుల శాతం చెప్పాలి.

రెండోది, పైగదిలో కూడా కీమోకైన్ వేసిన బావి. కీమోకైన్ తగిలితే కణం ఊరికే అటూ ఇటూ చురుగ్గా తిరగడం ఒకటి, దాన్ని వెతుక్కుంటూ ఒక దిక్కుకి పోవడం మరొకటి. మొదటిది కీమోకైనెసిస్, రెండోది కీమోటాక్సిస్. పైనా కిందా ఒకే మోతాదు ఉంటే వెళ్లాల్సిన దిక్కంటూ ఉండదు. అయినా కణాలు బాగా దిగాయంటే మీరు చూస్తున్నది ఉత్త చురుకుదనమే. సాలీ జిగ్మండ్, జేమ్స్ హిర్ష్ 1973లో ఈ రెండింటినీ విడదీయడానికి పైనా కిందా రకరకాల మోతాదులతో చదరంగం గళ్లలాంటి అమరిక వాడారు. అన్ని గళ్లూ ప్రతిసారీ అక్కర్లేదు. కొత్త కణంతో మొదటిసారి చేసేటప్పుడు మాత్రం పూర్తి అమరిక చేసి తీరాలి.

మూడోది, పెర్టుసిస్ టాక్సిన్. కోరింత దగ్గు బాక్టీరియా తయారుచేసే ఈ విషం జీఐ ప్రొటీన్‌ని రిసెప్టర్‌తో కలవనివ్వదు. ముందు రాత్రి మిల్లీలీటర్‌కి 100 నానోగ్రాముల చొప్పున కణాలకి పెట్టి ఉంచితే మర్నాడు నడక దాదాపు ఆగిపోవాలి. ఆగలేదంటే ఆ నడకకి కారణం కీమోకైన్ రిసెప్టర్ అని చెప్పలేరు.

నాలుగోది, మీ రిసెప్టర్‌ని మాత్రమే ఆపే మందు. సీఎక్స్‌సీఆర్4కి ప్లెరిక్సఫర్ ఉంది. ఎముక మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పించడానికి 2008లో అమెరికాలో అనుమతి పొందిన మందు ఇది. మజ్జలో సీఎక్స్‌సీఎల్12 పట్టి ఉంచిన కణాలు, ఆ పట్టు వదలగానే బయటికి వచ్చేస్తాయి. ప్లేటులో అయితే 1 మైక్రోమోలార్ చాలు. కణాలకి 20 నిమిషాల ముందు కలపండి, పైనా కిందా రెండు గదుల్లోనూ ఉంచండి. కింద లేకపోతే పొర దాటేకొద్దీ మందు పల్చబడుతుంది.

లెక్కపెట్టడం, చదవడం

సమయం అయ్యాక ఇన్సర్ట్‌ని తీసేముందు పొర అడుగును బావి అంచుకి మెల్లగా తాకించండి, వేలాడే కణాలు బావిలో పడతాయి. న్యూట్రోఫిల్స్ లాంటి అంటుకునే కణాలైతే బావిలో 5 మిల్లీమోలార్ వచ్చేలా, అతుకు వదిలించే ఈడీటీఏ కలిపి, ప్లేటుని పది నిమిషాలు చల్లగా ఉంచాకే ఇన్సర్ట్ తీయండి. తర్వాత లెక్కింపు పూసలు (సంఖ్య ముందే తెలిసిన చిన్న పూసలు) కలిపి ఫ్లోలో చదవండి. పూసలు లేకపోతే అన్ని బావులనీ ఒకే వేగంతో సరిగ్గా 60 సెకన్లు నడిపించి కణాల సంఖ్య తీసుకోండి. హీమోసైటోమీటర్‌తో కూడా చేయొచ్చు కానీ కణాలు తక్కువగా దిగిన బావుల్లో ఆ లెక్కను నమ్మలేం.

గ్రాఫ్ గీస్తే గంట ఆకారం రావాలి. మోతాదు పెరిగేకొద్దీ నడక పెరిగి, ఒకచోట శిఖరం చేరి, ఆపైన తగ్గుతుంది. జుర్కాట్‌తో నాకు శిఖరం తరచుగా 100 నానోగ్రాముల చుట్టుపక్కల వస్తుంది, అంటే దాదాపు 12 నానోమోలార్. కొత్తవాళ్లు 1000 దగ్గర పడిపోయిన గీతను చూసి ప్రయోగం చెడిందని టెన్షన్ పడతారు. అది చెడిన గుర్తు కాదు, బాగా జరిగిన గుర్తు. కీమోకైన్ మరీ ఎక్కువైతే కణం చుట్టూ ఉన్న రిసెప్టర్లన్నీ ఒకేసారి నిండిపోతాయి, ఏ పక్క ఎక్కువుందో కణానికి తెలియదు, రిసెప్టర్లు కూడా లోపలికి వెళ్లిపోతాయి. ఒకే ఒక్క మోతాదుతో ప్రయోగం చేసి "ఈ కణాలు తక్కువ నడిచాయి" అని రాస్తే, మీరు శిఖరానికి ఎడమవైపు ఉన్నారో కుడివైపు ఉన్నారో ఎవరికీ తెలియదు. రోగి కణాలనీ ఆరోగ్యవంతుల కణాలనీ పోల్చేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఫ్లోని పక్కన పెట్టమనడం లేదు. అదే రోజు, అవే కణాలతో, నడకకి ముందు ఉపరితలం మీది రిసెప్టర్‌ని కొలవండి. కణాలను రసాయనంతో ఫిక్స్ చేసి వాటి పొరకి రంధ్రాలు చేశాక మాత్రం యాంటీబాడీ వేయొద్దు, లోపల దాగిన రిసెప్టర్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. సీసీఆర్7కి యాంటీబాడీని మంచు మీద కాక 37 డిగ్రీల్లో పెడితే మెరుగ్గా అంటుకుంటుంది. సీఎక్స్‌సీఆర్4కి ఎక్కువమంది వాడే 12జీ5 అనే యాంటీబాడీ క్లోన్‌తో ఒక చిక్కుంది. అది అతుక్కునే చోటే ప్లెరిక్సఫర్ అడ్డొస్తుంది. మందు వేసిన కణాల్లో 12జీ5 సిగ్నల్ పడిపోతే రిసెప్టర్ మాయమైందని అనుకోకండి. రిసెప్టర్ మొదటి కొసకి అతుక్కునే 1డీ9 క్లోన్‌తో కూడా చూడండి. అక్కడ సిగ్నల్ అలాగే ఉంటే రిసెప్టర్ ఉన్నట్టే, మందు దాన్ని కప్పి కూర్చుంది.

ఎలుక కణాలతో చేసేవాళ్లకి ఒక మాట. ఎలుకలకి సీఎక్స్‌సీఎల్8 లేదు. వాటి న్యూట్రోఫిల్స్‌కి సీఎక్స్‌సీఎల్1 గానీ సీఎక్స్‌సీఎల్2 గానీ వాడాలి.

ట్రాన్స్‌వెల్ చెప్పనిది కూడా గుర్తుంచుకోవాలి. ఒంట్లో కీమోకైన్లు నీళ్లలో తేలుతూ ఉండవు, రక్తనాళం గోడ మీది హెపరాన్ సల్ఫేట్ లాంటి చక్కెర గొలుసులకి అంటుకుని ఉంటాయి. రక్త ప్రవాహంలో దొర్లుతూ పోయే తెల్ల కణం ఆ కీమోకైన్‌ని తాకగానే దాని మీది ఇంటిగ్రిన్లనే అతుక్కునే ప్రొటీన్లు బిగుసుకుని అక్కడే ఆగిపోతుంది. మన ప్లేటులో ప్రవాహమూ లేదు, గోడా లేదు. పైగా ఒకే కణం మీద చాలా రిసెప్టర్లు, ఒకే రిసెప్టర్‌కి చాలా కీమోకైన్లు ఉంటాయి. ర్యూమటాయిడ్ ఆర్థరైటిస్‌కి సీసీఆర్1, సీసీఆర్2, సీసీఆర్5లను ఆపే మందులను మనుషుల మీద పరీక్షించినప్పుడు ఆశించిన మేలు కనిపించలేదు. ప్లేటులో ఒక కీమోకైన్‌కి నడక ఆగిందని వాపు ఆగుతుందని రాయడానికి నాకు చేయి రాదు. "ఈ కణాలు, ఈ మోతాదులో, ఈ రిసెప్టర్ ద్వారా నడిచాయి" అని రాస్తే అది నిలబడుతుంది.

ఇదంతా ఒక్కరోజు బాగా వచ్చిందని ఆగకండి. కణాలను వేరే రోజుల్లో, వేరే పాసేజ్‌లలో (విడగొట్టి పెంచిన వేర్వేరు దఫాల్లో) తీసుకుని కనీసం మూడుసార్లు చేయండి. ఒకే ప్లేటులోని మూడు బావులు మీ చేతి స్థిరత్వాన్నే చెప్తాయి, వాటిని మూడు ప్రయోగాలుగా లెక్కేయకూడదు. నోట్‌బుక్‌లో శాతాలతో పాటు ప్రతి బావిలో వచ్చిన అసలు సంఖ్య, కీమోకైన్ లాట్ నంబరు, దాన్ని కరిగించిన తేదీ కూడా రాసి పెట్టుకోండి. ఆ తేదీ నేను రాసుకుని ఉంటే నా ట్యూబ్‌ని మొదటి నెలలోనే అనుమానించేదాన్ని.